తెలుగు సినిమాలో బప్పీ లహరి

బప్పీ లహరి (1952 నవంబర్ 27 – 2022 ఫిబ్రవరి 15) హిందీ సినిమాకు డిస్కోను అలవాటు చేసిన సంగీత దర్శకుడు, గాయకుడు. తెలుగులో ఆయన తొలి సినిమా 1986 మార్చి 21న విడుదలైన 'సింహాసనం'. అది రాజులు, కోటలు, కత్తియుద్ధాలు ఉన్న జానపదం. డిస్కో పేరుతోనే దేశమంతా తెలిసిన మనిషి డిస్కోకు ఏ సంబంధమూ లేని కథకు పాటలు కట్టడం ఆ సినిమా విశేషాల్లో ఒకటి. ఆ తర్వాత పదేళ్ల పాటు 'స్టేట్ రౌడీ', 'గ్యాంగ్ లీడర్', 'రౌడీ అల్లుడు', 'రౌడీ ఇన్‌స్పెక్టర్' వంటి తెలుగు సినిమాలకు ఆయన సంగీతం అందించాడు.

నేపథ్యం

డిస్కో 1970లలో అమెరికా నగరాల డ్యాన్సు క్లబ్బుల్లో ఎదిగిన సంగీతం. దాని గుట్టు డ్రమ్ములో ఉంది. నాలుగు మాత్రల వరుసలో ప్రతి మాత్రకూ పెద్ద డ్రమ్ము ఒకే బరువుతో పడుతుంది. రెండు దెబ్బల సందులో తాళపు పళ్లెం 'చిస్' మంటుంది. కింద బేస్ గిటార్ ఎగిరెగిరి నడుస్తుంది. పాట ఎక్కడ మొదలైనా, ఎక్కడ ఆగినా కాలు తడబడదు. 1977లో వచ్చిన 'శాటర్డే నైట్ ఫీవర్' సినిమా ఈ సంగీతాన్ని ప్రపంచమంతా తిప్పింది. రెండేళ్లకే అమెరికాలో ఎదురుగాలి వీచింది. 1979 జులై 12న షికాగోలోని ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను కుప్పపోసి పేల్చేశారు. డిస్కో రాణిగా పేరు పడ్డ డోనా సమ్మర్ కూడా 1980లో 'ది వాండరర్' అనే ఆల్బంతో రాక్ బాట పట్టింది.

అక్కడ సద్దుమణుగుతున్న సమయానికి ఇక్కడ మొదలైంది. 1980లో 'కుర్బానీ' హిందీ సినిమా కోసం బెంగళూరులో పుట్టి లండన్‌లో స్థిరపడిన బిడ్డూ స్వరపరచగా, పదిహేనేళ్ల నాజియా హసన్ పాడిన పాట దేశాన్ని ఊపేసింది. మరుసటి ఏడాది ఆమె, తమ్ముడు జోహెబ్ కలిసి 'డిస్కో దీవానే' ఆల్బం తెచ్చారు. 1982 చివర్లో వచ్చిన 'డిస్కో డాన్సర్'తో బప్పీ లహరి, మిథున్ చక్రవర్తి ఈ ఒరవడికి ఇంటిపేర్లయ్యారు. ఆ సినిమా సోవియట్ యూనియన్‌లో కూడా విపరీతంగా ఆడింది.

అయితే బప్పీ చదువుకున్నది డిస్కో కాదు. ఆయన పుట్టింది పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయీగుడిలో. అసలు పేరు అలోకేశ్. తల్లిదండ్రులు అపరేశ్ లహరి, బాంసురీ లహరి ఇద్దరూ బెంగాలీ గాయకులు. చిన్నప్పుడే తబలా పట్టాడు. 'చల్తే చల్తే' (1976) లాంటి మెత్తని పాటలు డిస్కో కన్నా ముందే చేశాడు. డిస్కో జోరు మీద ఉన్నప్పుడే 'ఐత్‌బార్' (1985)లో గజళ్లు కట్టాడు. మెడలో బంగారు గొలుసులు, కళ్లకు నల్లద్దాలు అనే వేషం వెనక ఈ మనిషి కనబడకుండా పోయాడు.

తెలుగు కథలు, హిందీ పాటలు

బప్పీకి తెలుగువాళ్లతో పరిచయం 'సింహాసనం'తో మొదలు కాలేదు. 1980లలో తెలుగు నిర్మాతలు తమ విజయవంతమైన సినిమాలను జితేంద్ర కథానాయకుడిగా హిందీలో తీసేవారు. వాటికి సంగీతం చాలాసార్లు బప్పీదే. నటుడు కృష్ణ సొంత సంస్థ పద్మాలయా 'ఊరికి మొనగాడు' (1981) కథను 1983లో 'హిమ్మత్‌వాలా'గా తీసింది. దర్శకుడు రెండింటికీ కె. రాఘవేంద్రరావే. తెలుగులో చక్రవర్తి సంగీతం, హిందీలో బప్పీ సంగీతం. వరుసగా పేర్చిన కుండల మధ్య జితేంద్ర, శ్రీదేవి ఆడిన పాట హిందీ ప్రేక్షకులకు కొత్త. తెలుగువాళ్లకు ఆ కుండలు రాఘవేంద్రరావు సంతకం. అదే ఏడాది 'జస్టిస్ చౌదరి', 'మవాలీ' వచ్చాయి. 1984లో డి. రామానాయుడు 'దేవత'ను 'తోఫా'గా తీసినప్పుడు కూడా పాటలు బప్పీ ఇచ్చాడు.

ఈ వరుసలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది 1985లో పద్మాలయా తీసిన హిందీ 'పాతాళ్ భైరవి'. విజయా వారి 'పాతాళభైరవి' (1951)కి సంగీతం ఘంటసాలది. ముప్పై నాలుగేళ్ల తర్వాత అదే తోటరాముడి కథ హిందీకి వెళ్లేసరికి బప్పీ చేతికి వచ్చింది. జానపద కథకు సింథసైజర్ తగిలించే పని 'సింహాసనం'కన్నా ఏడాది ముందే అలా జరిగింది.

తెలుగులోనూ డిస్కో అప్పటికి రానిది కాదు. 'డిస్కో డాన్సర్'ను తెలుగులో బాలకృష్ణతో 'డిస్కో కింగ్' (1984)గా తీశారు. తాతినేని ప్రసాద్ దర్శకుడు, చక్రవర్తి సంగీత దర్శకుడు. అంతకన్నా ముందు క్లబ్ పాటల సంప్రదాయం ఉంది. 'దేవుడు చేసిన మనుషులు' (1973)లో రమేశ్ నాయుడు సంగీతానికి ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన 'మసక మసక చీకటిలో' ఆ కోవలో ఈనాటికీ మొదట గుర్తొచ్చే పాట.

సింహాసనం (1986)

'సింహాసనం' కృష్ణ దర్శకత్వం వహించిన తొలి సినిమా. ద్విపాత్రాభినయమూ ఆయనదే. జయప్రద, రాధ, మందాకిని కథానాయికలు. మాటలు త్రిపురనేని మహారథి, ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి. 'సింఘాసన్' పేరుతో హిందీ రూపాన్ని కూడా జితేంద్రతో కృష్ణే తీశారు. తెలుగులో తొలి 70 ఎం.ఎం. సినిమా ఇదే. ఫిల్ము అంచులకు పూసిన అయస్కాంత పట్టీల మీద ఆరు ట్రాకుల ధ్వని ఉండేది. తెర వెనక అయిదు చోట్ల నుంచి, హాలు గోడల నుంచి శబ్దం వేరువేరుగా వినిపించేది.

బప్పీని పిలవడానికి పద్మాలయా హిందీ సినిమాల అనుబంధం ఒక్కటే చాలు. కానీ ఆరు ట్రాకుల ధ్వనికి ఆయన పద్ధతి అచ్చంగా సరిపోయింది కూడా. బలమైన బేస్, స్పష్టంగా విడివిడిగా పలికే డ్రమ్ములు, ఎలక్ట్రానిక్ కీబోర్డుల మెరుపులు పెద్ద హాల్లోనే పూర్తిగా తెలుస్తాయి. ఒకే స్పీకరున్న రేడియోలో ఆ తేడా సగం పోతుంది.

పాటల తీరు

డిస్కో లయ తెలుగు చెవికి పరాయిది కాదు. నాలుగు మాత్రల నడక మన చతురశ్ర గతే. భజనలోనూ, కోలాటంలోనూ దానికి అడుగులు పడతాయి. కొత్తదల్లా బరువు పంపకం. మన తాళంలో ఒక దెబ్బ గట్టిది, ఒకటి తేలిక, ఒకటి విసర్జితం, అంటే చప్పుడు లేని చేతి ఊపు. డిస్కోలో నాలుగూ సమానం. తెలుగు పాటలో ఆ నాలుగు దెబ్బల మీద పల్లవి, రెండు చరణాలు, మధ్యలో వాద్యసంగీతం అనే పాత నిర్మాణమే నిలిచింది. అమెరికన్ డిస్కో పాట ఒకే వాక్యాన్ని పది నిమిషాలు తిప్పితే, తెలుగు డిస్కో పాట నాలుగు నిమిషాల్లో యుగళగీతం ముగించింది. అందుకే ఇక్కడ డిస్కో ఒక సంగీత ప్రక్రియగా కాక, యుగళగీతానికి తొడిగిన కొత్త లయగా స్థిరపడింది.

'సింహాసనం'లో ఇది బాగా తెలిసే పాట 'ఆకాశంలో ఒక తార'. పాడినవారు రాజ్ సీతారాం, పి. సుశీల. ఆ రోజుల్లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కృష్ణకు పాడడం లేదు. ఆ ఖాళీలోకి వచ్చిన గొంతు రాజ్ సీతారాందే. ముప్పై ఏళ్లకు పైగా ఘంటసాలతోనూ బాలుతోనూ పాడిన సుశీల కొత్త గొంతు పక్కన, కొత్త లయ మీద నిలబడి పాడింది. పాటలో కుర్రతనం లయది, నిబ్బరం సుశీలది. సినిమాలో రాజరికపు దుస్తులు, పాటలో ఎలక్ట్రానిక్ మోతలు అన్న తేడాను ప్రేక్షకులు తప్పు పట్టలేదు. పాట సినిమాకన్నా ఎక్కువ కాలం నిలిచింది.

తర్వాతి సినిమాలు

'సింహాసనం' తర్వాత బప్పీ తెలుగు నిర్మాతలకు అందుబాటు మనిషి అయ్యాడు. 1986లోనే 33 సినిమాలకు 180కి పైగా పాటలు రికార్డు చేసి గిన్నిస్ పుస్తకానికి ఎక్కాడని ప్రసిద్ధి. అంత తీరిక లేని మనిషి 1987లో వెంకటేశ్ 'త్రిమూర్తులు', కృష్ణ కుమారుడు రమేశ్‌బాబు నటించిన 'సామ్రాట్' చేశాడు. 1989లో చిరంజీవి 'స్టేట్ రౌడీ' వచ్చింది.

ఆయన తెలుగు ప్రయాణంలో శిఖరం 1991. విజయ బాపినీడు దర్శకత్వంలో 'గ్యాంగ్ లీడర్', రాఘవేంద్రరావు దర్శకత్వంలో 'రౌడీ అల్లుడు' ఒకే ఏడాది విడుదలయ్యాయి. రెంటిలోనూ చిరంజీవే. 'గ్యాంగ్ లీడర్'లో బాలు, చిత్ర పాడిన 'వాన వాన వెల్లువాయె' బప్పీ తెలుగు పాటల్లో అందరి నోటా నిలిచినది. ఇందులో డిస్కో కరిగిపోయి తెలుగు వాన పాట అయింది. లయ వేగమే, కానీ బాణీ తడిసి బరువెక్కి మెలికలు తిరుగుతుంది. 1992లో బాలకృష్ణ 'రౌడీ ఇన్‌స్పెక్టర్', మోహన్‌బాబు 'బ్రహ్మ' వచ్చాయి. 'బ్రహ్మ'లోని 'ముసిముసి నవ్వులలోన' పాట విన్నవారికి అది డిస్కో సంగీతకారుడి పని అని చెబితే గాని తెలియదు. తబలా పట్టిన పిల్లవాడు అక్కడ మళ్లీ కనబడతాడు. 1995లో 'బిగ్ బాస్'తో ఆ దశ దాదాపు ముగిసింది. అప్పటికి ఎ.ఆర్. రెహమాన్ వచ్చి సినిమా పాట శబ్దాన్నే మార్చేశాడు.

హైదరాబాదులో ఆ పాటల చోటు

డిస్కో అంటే క్లబ్బు. తెలుగు డిస్కోకు క్లబ్బు లేదు. దానికి సినిమా హాలే క్లబ్బు. హైదరాబాదులో నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా ఉన్న దారి థియేటర్లకు పేరు. నారాయణగూడలో శాంతి, దీపక్, క్రాస్ రోడ్స్‌లో దేవి, సంధ్య, సుదర్శన్. వీటిలో దేవికి, సంధ్యకు '70 ఎం.ఎం.' అనేది ఇంటిపేరులా అంటుకుపోయింది. తెర కొలత థియేటరు పేరులో చేరిందంటే, ఆ కొలతకు ప్రేక్షకులు ఇచ్చిన విలువ అర్థమవుతుంది. 70 ఎం.ఎం.లో తొలి తెలుగు పాటలు బప్పీవి కావడం వల్ల, పెద్ద తెర, పెద్ద శబ్దం, డిస్కో లయ మూడూ తెలుగు ప్రేక్షకుడికి ఒకే టికెట్టు మీద దొరికాయి.

అదే దారిలో, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. ఒక చివర త్యాగరాజ కీర్తన, మరో చివర మొదటి ఆట ఈలలు. ఆ రెండింటి మధ్య దూరం నడిచి వెళ్లేంత. గానసభలో శాస్త్రీయ కచేరీలతో పాటు సినీ సంగీత విభావరులూ జరుగుతాయి. ఒకప్పుడు 'మోత' అనిపించుకున్న పాటలు ఇప్పుడు అలాంటి వేదికల మీద పాత మధురాల వరుసలో చేరాయి.

విమర్శ

బప్పీ మీద వచ్చిన విమర్శ ప్రధానంగా రెండు రకాలు. పాశ్చాత్య బాణీలను ఎత్తుకున్నాడన్నది ఒకటి. 'డిస్కో డాన్సర్'లోని 'జిమ్మీ జిమ్మీ' పాటకు ఫ్రెంచ్ బృందం ఒట్టావాన్ పాట మూలమన్నది దాచలేని సంగతి. లయ మోతలో సాహిత్యం వినబడదన్నది రెండోది. ఇందులో నిజం లేకపోలేదు. తెలుగు రాని సంగీత దర్శకుడు ముందు బాణీ కడితే, కవి ఆ కొలతకు మాటలు సర్దాలి. కానీ ఆ పద్ధతి బప్పీతో పుట్టలేదు, ఆయనతో పోలేదు. పైగా బాణీకి మాట అతకడంలో తెలుగు కవులు చూపిన చాకచక్యం వల్లే ఆ పాటలు హిందీ వాసన లేకుండా తెలుగు పాటలయ్యాయి.

వారసత్వం

2012లో 'రచ్చ' సినిమా కోసం మణిశర్మ 'వాన వాన వెల్లువాయె'ను మళ్లీ చేశారు. తండ్రి చిరంజీవి పాటకు రామ్‌చరణ్ ఆడాడు. 2020 జనవరి 24న వచ్చిన రవితేజ 'డిస్కో రాజా'లో తమన్ స్వరపరచిన 'రమ్ పమ్ బమ్' పాటను రవితేజతో కలిసి బప్పీ స్వయంగా పాడాడు. తెలుగుకు వచ్చినప్పుడు జానపదం చేసిన డిస్కో రాజు, ముప్పై నాలుగేళ్ల తర్వాత డిస్కో పేరున్న తెలుగు సినిమాలో గాయకుడిగా వినిపించాడు.

బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో కన్నుమూశాడు. ఆయనను తెలుగుకు తీసుకొచ్చిన కృష్ణ అదే ఏడాది నవంబర్ 15న హైదరాబాదులో కన్నుమూశారు.