ట్రినిడాడ్ పటంలో గోల్కొండ

ఈ దేశం వచ్చిన నాటినుంచీ మా ఇంట్లో సెలవులంటే ఇండియా ప్రయాణమే. సూట్‌కేసులు తూకం వేసుకోవడం, ఎవరికేం పట్టుకెళ్ళాలో జాబితా రాసుకోవడం తప్ప మరో ఊహ ఉండేది కాదు. ఈ శీతాకాలం మొదటిసారిగా ఏదైనా కరీబియన్ దీవికి వెళదామని పిల్లలు పట్టుబట్టారు. వాళ్ళకు కావలసింది ఇసుక, సముద్రం. మా ఆవిడ అడిగింది ఒక్కటే: "అక్కడ మనం తినేదేమన్నా దొరుకుతుందా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఒక రాత్రి భోజనాల బల్ల మీద ట్రినిడాడ్ పటం పరిచాను. దక్షిణాన శాన్ ఫెర్నాండో పట్టణం దగ్గర చిన్న అక్షరాలతో గోల్కొండ అని ఉంది! ఇంకాస్త దిగువకు వెళితే బారక్‌పూర్, ఫైజాబాద్. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సెయింట్ జేమ్స్ అనే పేటలో వీధుల పేర్లు చూస్తే ఢిల్లీ, మద్రాస్, కలకత్తా, నిజాం! అంతటితో బీచి సంగతి పక్కకు పోయి, నాకు చరిత్ర పిచ్చి పట్టుకుంది.

ఒక మాట ముందే మనవి చేయాలి. గోల్కొండ అన్న పేరు చూసి అక్కడ తెలుగువాళ్ళు ఊరు కట్టారని తేల్చేయకూడదు. మన వజ్రాల కారణంగా ఆ పేరు ఐరోపావారి నోట సంపదకు మారుపేరయింది, ప్రపంచంలో చాలా చోట్ల స్థిరపడింది. పేరు సంగతి అలా ఉంచి, మనుషుల సంగతి చూద్దాం.

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం 1834 ఆగస్టు 1న చట్టరీత్యా రద్దయింది. ఆ తర్వాత కూడా "శిక్షణ" అనే పేరుతో నిర్బంధపు చాకిరీ సాగి, 1838లో అదీ ముగిసింది. విముక్తులైన ఆఫ్రికన్లు తమను హింసించిన చెరకు తోటల్లో పాత షరతులమీద పని చేయడానికి ఒప్పుకోలేదు. తోటల యజమానులు చవకైన కూలీల కోసం ఇండియా వైపు చూశారు. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ రెండు వందల పైచిలుకు భారతీయులతో ట్రినిడాడ్ చేరింది. కలకత్తా నుంచి మూడు నెలలకు పైగా ప్రయాణం. అప్పటినుంచి 1917 దాకా ఈ దీవికి వచ్చినవారు ఒక లక్షా నలభై వేలకు పైమాటే. ఇప్పుడు మే 30 అక్కడ జాతీయ సెలవుదినం.

వచ్చినవారిని ముందు నెల్సన్ దీవిలో దించి, పరీక్షించి, తోటలకు పంచేవారు. ఒప్పందం అయిదేళ్ళు. చీటీ లేకుండా తోట దాటి వెళితే నేరం, పనికి రాకపోయినా నేరమే, జైలు. స్వదేశానికి వెళ్ళే ఓడ ఖర్చు దక్కాలంటే పదేళ్ళు ఉండాలి. 1869 నుంచి కొంతకాలం ఆ తిరుగు ప్రయాణపు హక్కు వదులుకున్నవారికి భూమి ఇచ్చారు. అలా చాలామంది అక్కడే ఉండిపోయారు.

వీరిలో ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాలనుంచి కలకత్తా రేవు మీదుగా వచ్చినవారు. మద్రాసు రేవు నుంచి వచ్చినవారు తక్కువ. వారిలోనూ తమిళులు ఎక్కువ, మనవాళ్ళు కొందరు. అందరికీ కలిపి పడ్డ పేరు మాత్రం ఒకటే: "మద్రాసీ". ఈ నాటికీ అక్కడి కాళీమాయి గుళ్ళలో మద్రాసీల ఆచారం ప్రకారం మ్రోగే వాద్యాన్ని "తప్పు" అంటారు. అది మన తప్పెటకు చుట్టమే. తప్పెట మిగిలింది గాని తెలుగు మిగలలేదు.

ఎందుకు మిగలలేదు? కొద్దిమందిని తోట తోటకూ చెదరగొట్టారు. తోటలో అందరూ మాట్లాడుకునే భాష భోజ్‌పురి అయింది. 1868లో వచ్చిన కెనడా ప్రెస్బిటేరియన్ మిషనరీలు భారతీయుల పిల్లలకు పెట్టిన బడుల్లో చెప్పింది హిందీ, ఇంగ్లీషు. ఆ తర్వాతి తరాల్లో ఇంగ్లీషు భోజ్‌పురినే మింగింది. తాతను ఆజా, నానా అని పిలవడం వంటి కొన్ని మాటలే నిలిచాయి. లక్షమంది భాషే నిలవనప్పుడు గుప్పెడుమంది భాష నిలుస్తుందా అని మనం సమాధానపడవచ్చు. కాని మారిషస్ సంగతి చూడండి. అక్కడికీ మనవాళ్ళు కోరంగి వంటి రేవులనుంచి ఇలాంటి ఒప్పందాల మీదే వెళ్ళారు. భారతీయుల్లో అక్కడా మైనారిటీయే. కాని రామభజనలు నిలుపుకున్నారు, సంఘం పెట్టుకున్నారు, సర్కారు బడుల్లో తెలుగు పాఠం సాధించుకున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. సంఖ్య ఒక్కటే కారణం కాదన్నమాట.

ఇక మా ప్రయాణం. మా ఆవిడ ప్రశ్నకు జవాబు దొరికింది: అక్కడ ఉదయపు ఫలహారం "డబుల్స్", అంటే వేయించిన రెండు మెత్తటి బారాల మధ్య శనగల కూర. మధ్యాహ్నం దాల్‌పురి. జనవరి నుంచి మే దాకా వానలు తక్కువ. పిల్లలకు మరాకాస్ తీరం ఒక రోజు, కరోనీ చిత్తడి నేలల్లో సాయంత్రం గూటికి చేరే ఎర్ర కొంగల్ని చూడడానికి ఒక పూట. నాకోసం అడిగింది ఒక్క రోజు, వాటర్‌లూ గ్రామానికి. అక్కడ శివదాస్ సాధు అనే తోట కూలీ కట్టిన గుడిని, స్థలం చక్కెర కంపెనీదని కూల్చేశారు, జరిమానా వేశారు, జైల్లో పెట్టారు. నేల మీద చోటు లేదంటే సముద్రం ఎవరి సొత్తూ కాదు గదా అని ఆయన రాళ్ళూ సిమెంటూ సైకిల్ మీద మోసుకెళ్ళి నీళ్ళలో పునాది వేశాడు. దాదాపు పాతికేళ్ళు ఆ పనే. 1995లో ఆ గుడిని తిరిగి కట్టారు, నేటికీ ఉంది.

ఇదంతా చెబుతుంటే మా అబ్బాయి ఇంగ్లీషులో అడిగాడు: "అయితే మనం ఎప్పుడు మర్చిపోతాం, నాన్నా?" వెక్కిరింపు కాదు, నిజంగా తెలుసుకోవాలనే. వాళ్ళను చెదరగొట్టారు, పొద్దస్తమానం చెరకు కొట్టించారు, బడిలో తమ భాష దొరకలేదు. మనకు ఆదివారాలున్నాయి, కార్లున్నాయి, సంఘం గది ఉంది. తెలుగు తరగతికి గత నెలలో వచ్చిన పిల్లలు నలుగురు. వారిలో మా అబ్బాయి లేడు.

అందుచేత సభ్యులకు నా మనవి రెండు ముక్కలు. కరీబియన్ సెలవులకు వెళ్ళేవారు ఒక్క పూట ఆ పూర్వ ప్రయాణికులకు కేటాయించండి. వెళ్ళకముందు, వచ్చిన తర్వాత, ఆదివారం పిల్లల్ని తరగతికి పంపండి. మావాడు ఈ ఆదివారం నుంచి వస్తున్నాడు.