కంటి వెనుక రక్తనాళాల అల్ట్రాసౌండ్ పరీక్ష

కనుగుడ్డు వెనుక ఎముక గూటిలో, కొవ్వు మధ్య నుంచి సాగే ధమనులు, సిరలు బయటికి కనిపించవు. వాటి జబ్బులను పట్టే అల్ట్రాసౌండ్ చరిత్రను సాధారణంగా 1956 నుంచి చెబుతారు. ఆ ఏడాది అమెరికాలో మండ్ట్, హ్యూస్ కంటి కణితులను ప్రతిధ్వనులతో పరీక్షించారు. 1958లో బామ్, గ్రీన్‌వుడ్ ఆ ప్రతిధ్వనులను చిత్రంగా మలిచారు. 1970లలో, మూసిన రెప్ప మీద ఆనించే ప్రోబ్ వాడుకలోకి వచ్చింది. ఇవన్నీ పెద్ద అడుగులే. కానీ వీటిలో కనిపించింది ఆకారం. రక్తనాళాల జబ్బుకు ఆనవాలు ప్రవాహంలో ఉంటుంది. అందుకే ఈ పరీక్ష వేళ్లను 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పిన సూత్రంలో వెతకడం న్యాయం. తరంగాల మూలం దగ్గరికొస్తే పౌనఃపున్యం పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. 1950లలో జపాన్‌లో సతోమురా దీన్ని అతిధ్వనితో గుండె కదలికలకు అన్వయించారు. ప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ 1980ల చివర కంటి గూటిని చేరింది.

జబ్బు ఆనవాలు ప్రవాహంలోనే ఉంటుందనడానికి కెరోటిడ్-కేవర్నస్ ఫిస్టులాయే సాక్ష్యం. ఇందులో ధమని రక్తం పుర్రె అడుగున ఉన్న సిరల గదిలోకి చిమ్మి, కంటి సిరలోకి ఎదురెక్కుతుంది. కన్ను ఎర్రబడి ముందుకు పొడుచుకొస్తుంది. కొన్నిసార్లు కళ్లకలక అనుకుని చుక్కల మందుతో సరిపెడతారు. స్కాన్‌లో కంటి పై సిర ఉబ్బి కనిపించినా తేలదు, థైరాయిడ్ సంబంధిత కంటి జబ్బులోనూ అది ఉబ్బవచ్చు. డాప్లర్ తెర మీద మాత్రం, మామూలుగా ప్రోబ్‌కు దూరంగా పోతూ నీలంగా ఉండాల్సిన ఆ సిర ఎర్రగా మారి, నాడిలా కొట్టుకుంటుంది. అలాగే మెడలోని కెరోటిడ్ ధమని బాగా పూడుకుపోతే, కంటి ధమనిలో రక్తం వెనక్కి తిరగవచ్చు. అప్పుడు కన్ను మెడ జబ్బును బయటపెడుతుంది.

ఫలితం పరీక్షించే చేతిని బట్టి మారుతుందన్న ఆక్షేపణ సరైనదే. ప్రోబ్‌ను గట్టిగా నొక్కితే సన్నని సిరల్లో ప్రవాహం ఆగిపోతుంది. కోణం తప్పితే వేగం అంకె తప్పుతుంది. అయితే కోణం కాస్త పక్కకు జరిగినా, ప్రవాహం ఎటు సాగుతోందన్నది సాధారణంగా మారదు. ఈ పరీక్షలో నమ్మదగినది ఆ దిశే. రక్తనాళాలను చిత్రించే కేథటర్ యాంజియోగ్రఫీ ఉండగా ఇదెందుకన్న ప్రశ్నకూ జవాబుంది: ఆ యాంజియోగ్రఫీకి ధమనిలోకి గొట్టం దూర్చాలి, దీనికి రెప్ప మీద కాస్త జెల్ చాలు. ఫిస్టులా రక్తం కంటి వైపు రాకుండా పుర్రె వెనుక వైపుకే పారుతుంటే మాత్రం కంటి సిర మామూలుగానే కనిపిస్తుంది. లక్షణాలు అనుమానం రేపినప్పుడు, డాప్లర్ బాగుందన్నా యాంజియోగ్రఫీ తప్పదు.