ఘాజీ దేనికోసం వచ్చింది?

మా గజపతినగరంలో 1971 యుద్ధం అనగానే పెద్దవాళ్ళు చెప్పేది ఘాజీ సంగతే. విక్రాంత్‌ని ముంచుదామని వచ్చి, వైజాగ్ దగ్గర తనే మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి. సరే, మరి ఆ విక్రాంత్ మీద అంత గొప్పగా ఏముంది? ఇది మాత్రం ఎవరూ అడగరు.

ఉన్నవి సీ హాక్‌లు. అప్పటికే పాత సరుకు. దీని మొదటి నమూనా బ్రిటన్‌లో 1947 సెప్టెంబరు 2న ఎగిరింది. సరిగ్గా నెల తిరక్కుండా అక్టోబరు 1న అమెరికాలో సేబర్ ఎగిరింది. ఈడు ఒకటే గానీ తరం వేరు. సేబర్ రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి, సీ హాక్‌వి తిన్నగా ఉంటాయి. ధ్వని వేగానికి దగ్గరపడే కొద్దీ తిన్నటి రెక్కలు ముందుగా మొరాయిస్తాయి.

కొరియాలో ఇది తేలిపోయింది. 1951లో ఆస్ట్రేలియా వాళ్ళ మీటియర్‌లు వాలు రెక్కల మిగ్-15ల ముందు నిలబడలేకపోయాయి. చివరికి వాటిని నేల మీది లక్ష్యాలకి మళ్ళించారు.

మనకి ఆ పాఠం 1965లో రక్తంతో వచ్చింది. సెప్టెంబరు 1 సాయంత్రం ఛంబ్‌లో పాకిస్తాన్ ట్యాంకుల మీదకి వాంపైర్‌లని పంపారు. 1948లో మన వైమానిక దళానికి వచ్చిన మొదటి జెట్ అది. అవతల్నించి సేబర్‌లు వచ్చాయి. ఒక్క పూటలో నాలుగు వాంపైర్‌లు కూలిపోయాయి.

అలాంటిది 1971లో సీ హాక్ ఎలా నెగ్గింది? విక్రాంత్ వైజాగ్‌లోనే ఉందని శత్రువుని నమ్మించి, అండమాన్ వైపు దాచారు. బాయిలర్‌లో పగులు వల్ల అది పూర్తి వేగంతో వెళ్ళలేదు కూడా. అయినా ఘాజీ మునిగిన డిసెంబరు 4నే దాని మీంచి ఎనిమిది సీ హాక్‌లు లేచి కాక్స్ బజార్ మీద దాడి చేశాయి, తర్వాత చిట్టగాంగ్ మీద. తూర్పు పాకిస్తాన్‌లో ఉన్నది ఒకే ఒక్క సేబర్ స్క్వాడ్రన్, అదీ ఢాకాలో. మన మిగ్-21లు అక్కడి రన్‌వేని గుంతలు చేసి రోజుల్లోనే దాన్ని నేలకి కట్టేశాయి. 1956లో సూయజ్ దగ్గర బ్రిటిష్ సీ హాక్‌లదీ ఇంచుమించు ఇదే కథ. ఈజిప్టు మిగ్‌లు చాలావరకు నేల మీదే ధ్వంసమయ్యాయి.

మన భాషలో చెప్పాలంటే, లెగసీ సిస్టం బాగా నడిచిందంటే దాని మీద లోడ్ పడకుండా ఎవరో ముందే చూసుకున్నారన్నమాట. సీ హాక్‌లు 1983 దాకా పనిచేశాయి, పేరూ తెచ్చుకున్నాయి. ఛంబ్‌కి వెళ్ళిన కుర్రాళ్ళని ఎవరూ తలుచుకోరు. వాళ్ళకేం ధైర్యం తక్కువైందా? ఆకాశాన్ని ముందుగా ఖాళీ చేసిపెట్టిన వాళ్ళు లేకపోయారు, అంతే తేడా.