తరము, వరుస, ఎంపిక : గుండెలయ వైద్యశిక్షణను గూర్చి బారామహలు నుండి ఒక పరిశీలనము

బారామహలు సీమవారికి "తరము" అను మాట క్రొత్తది కాదు. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన ఈ సీమ టిప్పు సుల్తాను చేతినుండి కుంపిణీవారి చేతికి వచ్చెను. అప్పుడు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, అతని సహాయకులలో ఒకడైన థామస్ మన్రో, పొలము వెంట పొలమును కొలిపించి, నేల గుణమునుబట్టి శిస్తు కట్టించిరి. మన్రో ఇచ్చట సుమారు ఏడేండ్లు పనిచేసెను. తరువాతి కాలమున రైత్వారీ పద్ధతియని పేరుపొందిన విధానమునకు పాదు ఇచ్చటనే పడినది. తరము కట్టుటలో నున్న చిక్కు అప్పుడే బయటపడెను. అధికారి ఒక పూట చూచి నేలకు తరము కట్టును. రైతు ఏండ్ల తరబడి దున్ని దాని గుణము నెరుగును. ఇద్దరి లెక్కలు ఒక్కటి కావు.

ఈ చిక్కు నేలకు మాత్రమే పరిమితమైనది కాదు. మనుష్యులకు, విద్యాలయములకు తరము కట్టవలసి వచ్చినప్పుడును ఇదియే ఎదురగుచున్నది. నేటి వైద్యవిద్యలో దీనిని మిక్కిలి స్పష్టముగా చూపు రంగము గుండెలయకు సంబంధించిన వైద్యము. కార్డియాక్ ఎలక్ట్రోఫిజియాలజీ అను ఈ శాఖలో ప్రవేశింపగోరు యువవైద్యుడు అప్పటికే ఎం.బి.బి.ఎస్., ఎం.డి., హృద్రోగశాస్త్రమున డి.ఎం. ముగించినవాడై యుండును. వయస్సు ముప్పది దాటును. ఇంటర్వ్యూలకు తిరిగివచ్చి, తాను చూచిన సంస్థలలో ఏది మొదటిది, ఏది రెండవది అని ఒక కాగితముమీద వరుస వ్రాసికొనవలెను. ఆ వరుసను సరిగా వ్రాయుట ఎట్లు అను ప్రశ్నకు వెనుక నొక దీర్ఘచరిత్ర కలదు.

కావేరిపట్టణము ఆ చరిత్రను చూచుటకు తగిన చోటు. పేరులో కావేరి యున్నను ఊరి ప్రక్కన పారునది దక్షిణ పినాకిని. చోళుల కావేరిపూంపట్టణము వేరు, ఇది వేరు. 1767లో మొదటి మైసూరు యుద్ధమున ఇచ్చటి కోటకొరకు హైదరాలీ సేనలును, ఇంగ్లీషువారును పెనగులాడిరి. ఈ పరిసరములలో, హోసూరు కృష్ణగిరి తాలూకాలలో, తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు తరతరములుగా నున్నవి. బడిలో తమిళము, సంతలో తమిళము కన్నడము, ఇంటిలో తెలుగు. వైద్యవిద్యకు బయలుదేరు పిల్లలకు ఉత్తరమున బెంగుళూరు, తూర్పున వేలూరు, దక్షిణమున సేలము, దూరమున మదరాసు. ఏ దారి పట్టవలెనన్నది ఎప్పుడును వారి ఇష్టముమీద మాత్రమే ఆధారపడలేదు.

పరీక్షకుని అభిప్రాయము ఒక మనిషి దారిని ఎంత మార్చగలదో చెప్పుటకు తెలుగువారికి యెల్లాప్రగడ సుబ్బారావు కథ చాలును. 1895లో భీమవరమున జన్మించిన ఆయన మదరాసు వైద్యకళాశాలలో చదువుచుండగా స్వదేశీ పిలుపు నాలకించి ఖద్దరు శస్త్రవస్త్రము ధరించెను. అది శస్త్రచికిత్సాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డునకు నచ్చలేదు. వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసినను ఆయనకు ఎం.బి.బి.ఎస్. రాక, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే దక్కెను. మదరాసు వైద్యసేవలో ఉద్యోగమునకు యత్నించి విఫలుడై, డాక్టరు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, పిమ్మట అమెరికా చేరెను. అచ్చట హార్వర్డులో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి 1929లో ఏ.టి.పి. అను పదార్థమును కనుగొనెను. అదే కాలమున జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొనెను. ఆ ఏ.టి.పి.కి మూలమైన అడెనోసీన్ గుండెవేగమును తగ్గించునని డ్రూరీ, సెంట్-జార్జీ అను వారు చూపినదియు ఆ 1929లోనే. నేడు హఠాత్తుగా గుండె పరుగెత్తు రోగికి అత్యవసరగదిలో నరములోనికి ఎక్కించు మందు అడెనోసీన్. గుండెలయ వైద్యుని ప్రతిదినపు పనిముట్టుకు పునాదియైన రసాయనశాస్త్రమున ఒక తెలుగువాని చేయి కలదు. ఆ చేతిని మదరాసులో ఒక పరీక్షకుడు రెండవ తరములో చేర్చెను.

స్వాతంత్ర్యానంతరము ఈ తరము కట్టుపని న్యాయస్థానములకెక్కినది. ఇరుగుపొరుగు రాష్ట్రములైన మైసూరు, మదరాసులే దీనికి రంగస్థలములగుట గమనింపదగినది. మైసూరులో వైద్య, ఇంజనీరింగు కళాశాలల ప్రవేశమునకు ఐచ్ఛికవిషయముల గరిష్ఠమార్కులలో నూటికి 25 వంతు ఇంటర్వ్యూకు కేటాయింపబడెను. చిత్రలేఖ వ్యాజ్యమున 1964లో సుప్రీముకోర్టు దానిని చెల్లుననెను. మదరాసు రాష్ట్రమున వైద్యకళాశాలల స్థానములు జిల్లాలవారీగా పంచబడుచుండెను. 1968 జనవరిలో రాజేంద్రన్ వ్యాజ్యమున ఆ పంపకము కొట్టివేయబడినది. ఒక జిల్లాలో యోగ్యుడు మిగిలిపోవుటయు, వేరొక జిల్లాలో అంతకు తక్కువవాడు చేరుటయు సమానత్వమునకు విరుద్ధమని కోర్టు వాదము. తర్కము నిర్దుష్టము. ఐనను సేలమునుండి విడిపోయి 1965 అక్టోబరు 2న ఏర్పడిన ధర్మపురి జిల్లాకు, అందులోని కృష్ణగిరి, కావేరిపట్టణము వంటి ఊళ్ళకు, ఈ తీర్పువలన లాభమా నష్టమా అనునది వేరు ప్రశ్న. నగరపు పిల్లవానికి గల వసతులు ఇచ్చటి పిల్లవానికి లేవను మాటను ప్రభుత్వము విన్నవించినది గాని అది నిలువలేదు.

1970లో పెరియకరుప్పన్ వ్యాజ్యము వచ్చెను. తమిళనాడులో ఇంటర్వ్యూకు 75 మార్కులు. ఆరు సంఘములు వేర్వేరుగా అభ్యర్థులను చూచి, వేర్వేరుగా ఎంపికచేయుచుండెను. ఒక సంఘమువారు ఉదారముగను, మరొకరు బిగువుగను మార్కులు వేసినచో ఒకే యోగ్యతగల ఇద్దరి గతులు వేరగును. కోర్టు ఆ విభజనను అంగీకరింపలేదు. తరువాత శ్రీనగర ఇంజనీరింగు కళాశాలకు సంబంధించిన అజయ్ హాసియా వ్యాజ్యమున, 1980 నవంబరులో, వ్రాతకు 100, నోటిమాటకు 50 అను లెక్క నిరాకరింపబడి, ఇంటర్వ్యూకు నూటికి 15 వంతులు మించరాదని చెప్పబడినది. రెండుమూడు నిమిషములలో తండ్రి పేరు, ఊరి పేరు అడిగి పంపివేసిరని అభ్యర్థుల ఫిర్యాదు. ఈ తీర్పులన్నిటిలోను సంస్థ అభ్యర్థిని ఎట్లు కొలువవలెనన్నదే చర్చ. అభ్యర్థి సంస్థను కొలుచునను ఊహ అప్పటికి మన దేశమున కానరాదు.

ఆ ఊహ అమెరికాలో ముందుగా ఆచరణలోనికి వచ్చినది. అదియు ఆదర్శమువలన గాక గందరగోళమువలన. అచ్చట 1940లలో ఆసుపత్రులు మంచి విద్యార్థులను ఇతరులకంటె ముందుగా పట్టుకొనవలెనని పోటీపడి, చదువు ముగియుటకు రెండేండ్ల ముందే నియామకములు చేయసాగినవి. 1945లో విద్యార్థికి ఆలోచించుకొనుటకు పది రోజుల గడువుండెను. 1949 నాటికి పన్నెండు గంటలు కూడ ఎక్కువేనని ఆసుపత్రులు వాదించినవి. చేతిలోనున్న చోటు వదలుకొనుటయా, రానున్న మంచి చోటుకై వేచియుండుటయా? ఈ సంకటమునకు విరుగుడుగా ఒక కేంద్రము ఏర్పడెను. విద్యార్థులు ఆసుపత్రులను, ఆసుపత్రులు విద్యార్థులను వరుసపెట్టి పట్టికలు పంపుదురు. కేంద్రము జతలు కూర్చును. మొదట సూచింపబడిన పద్ధతిలో, నిజమైన ఇష్టమును వ్రాసిన విద్యార్థియే నష్టపోవు అవకాశముండెను. విద్యార్థులు ఎదురుతిరుగగా పద్ధతి మార్పబడి, 1952లో మొదటి జతకూర్పు జరిగెను.

పది సంవత్సరముల తరువాత, 1962లో, డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అను గణితవేత్తలు ఆసుపత్రుల సంగతి ప్రస్తావింపకయే ఇదే సమస్యకు పరిష్కారము ప్రచురించిరి. వారి వ్యాసము పేరులో కళాశాలా ప్రవేశములతోపాటు వివాహముల స్థిరత్వము కూడ చేరినది. సంబంధములు చూచు పెద్దలకు ఈ పోలిక వింతగా తోపదు. అభ్యర్థి తన వరుసలోని మొదటి సంస్థను అడుగును. సంస్థ అతనిని తాత్కాలికముగా ఉంచుకొనును. అంతకంటె తనకు నచ్చినవాడు వచ్చినచో మొదటివానిని విడుచును. అతడు తన వరుసలోని తరువాతి సంస్థకు పోవును. ఎవ్వరును కదలవలసిన పనిలేనప్పుడు జతలు ఖాయమగును. అప్పుడు ఒకరినొకరు ఎక్కువగా కోరుకొనియు విడిపోయిన అభ్యర్థి, సంస్థ ఎచ్చటను మిగులరు. ఆల్విన్ రాత్ 1984లో పరిశీలించి, అమెరికా వైద్యులు వాడుచున్న పద్ధతి సారములో ఇదియేననియు, అయితే అది ఆసుపత్రుల పక్షమునుండి మొదలగుచున్నదనియు చూపెను. 1998 నుండి అభ్యర్థుల పక్షమునుండి మొదలగు పద్ధతి అమలయ్యెను. మార్పువలన ఫలితము వేరగువారు వేయికి ఒకరే యని అంచనా. 2012లో రాత్, షాప్లీలకు అర్థశాస్త్రమున నోబెల్ పురస్కారము లభించెను. గేల్ 2008లోనే కీర్తిశేషుడయ్యెను.

ఈ గణితములో యువవైద్యునికి పనికివచ్చు ఫలితము ఒకటి కలదు. అడుగు పక్షమువాడు తన ఇష్టమును ఉన్నదున్నట్లు వ్రాయుటకంటె లాభకరమైన ఎత్తు వేరొకటి లేదు. దొరకని సంస్థను మొదట వ్రాసినచో రెండవది చేజారునను భయము ఆధారములేనిది. "మాకు మీరు బాగా నచ్చినారు" అని ఇంటర్వ్యూ తరువాత వచ్చు ఉత్తరమును నమ్మి వరుసను తారుమారు చేయుట అనవసరము. అమెరికాలో గుండెలయ శిక్షణయు నేడు ఇట్టి జతకూర్పులోనే యున్నది. వరుసను చెప్పుమని అభ్యర్థిని అడుగుట నిషిద్ధము.

మన దేశపు స్థితి వేరు. డి.ఎం. ప్రవేశమునకు 2017 నుండి దేశములోని చాల సంస్థలకు ఒకే పరీక్ష వచ్చెను. అందులో మార్కుల వరుసయే ప్రధానము. పైవరుసవాడు కోరినది తీసికొనును, మిగిలినదానిలో తరువాతివాడు కోరుకొనును. ఇంటర్వ్యూకు తావు లేదు. కాని డి.ఎం. పిమ్మటి గుండెలయ శిక్షణకు అట్టి ఉమ్మడి ఏర్పాటు లేదు. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల, తిరువనంతపురపు శ్రీచిత్ర సంస్థ వంటివి తమ తమ పద్ధతిని తామే ఎంచుకొనును. హైదరాబాదులోను ఈ శిక్షణ పొందు అవకాశమున్నది. ఒకచోట పిలుపు ముందు వచ్చును. మరొకచోట ఫలితము తరువాత తెలియును. 1940ల అమెరికా విద్యార్థి పడిన సంకటమే చిన్నరూపమున ఇచ్చట నిలిచియున్నది. కావున ఇచ్చటి అభ్యర్థి, చేతికందినదానిని అంగీకరించు గడియ రాకముందే, తన వరుసను తనకొరకు వ్రాసి ఉంచుకొనవలసి యున్నది.

ఆ వరుసకు కొలబద్దలేవి? ఈ శాస్త్రపు చరిత్రయే కొంత చెప్పుచున్నది. ఐంథోవెన్ గుండె విద్యుత్తును గీతగా పట్టి 1924లో నోబెల్ పొందెను. 1958లో స్టాక్‌హోమున మొదటి పేస్‌మేకరు రోగి శరీరములో అమర్పబడెను. 1967లో ఆమ్‌స్టర్‌డామున డ్యూరర్, పారిసున కూమెల్ గుండెను తీగతో ప్రేరేపించి లయభంగమును పుట్టించి ఆపి చూపిరి. 1969లో షెర్లాగు హిస్ కట్ట విద్యుత్తును తీగద్వారా నమోదుచేసెను. 1980లో మిరోవ్‌స్కీ రూపొందించిన షాక్ యంత్రము మొదటి మనిషికి అమర్పబడెను. 1998లో హైసాగేర్ బృందము, కర్ణికలయభంగమునకు మూలము తరచుగా ఊపిరితిత్తుల సిరలలో నున్నదని వెల్లడించినది. దీనిలో రెండు విద్యలు పెనవేసికొని యున్నవి. గీతను చదివి తర్కించు విద్య ఒకటి. తీగను నడపు హస్తకౌశలము ఒకటి. పేరుపొందిన సంస్థలో వేలకొలది చికిత్సలు జరుగవచ్చును. తీగ ఎవరి చేతిలో నున్నది అను ప్రశ్నకు ఆ సంఖ్య సమాధానము కాదు. చిన్నగా కనబడు విభాగములో గురువు ప్రక్కన నిలిచి, గీతను ముందు శిష్యునిచేతనే చదివించుచుండవచ్చును. ఇది ఇంటర్వ్యూగదిలో తెలియదు. అచ్చట శిక్షణ పొందుచున్నవారిని విడిగా, గురువులు లేనప్పుడు, అడిగినచో తెలియును. యంత్రముల క్రొత్తదనము అన్నిటికంటె ముందు కంటికి కనబడును. వరుసలో దానికి చివరి చోటు ఇచ్చుటయే న్యాయము, ఏలనన యంత్రములు శిక్షణ ముగియులోపలనే పాతబడును.

కావేరిపట్టణపు ఇంటివారికి మరికొన్ని కొలతలు గలవు. తల్లిదండ్రుల వయస్సు, జీవితభాగస్వామి ఉద్యోగము, అప్పు. వీనిని వరుసలో చేర్చుట బలహీనత యని కొందరందురు. అమెరికాలోని జతకూర్పే దంపతులు జంటగా పట్టిక వ్రాయుటకు వీలుకల్పించిన విషయమును వారు మరచుచున్నారు. భాష మరొక కొలత. గుండెలయ రోగి గీత తీయు సమయమునకు తరచు బాగుగానే యుండును. రోగము మాటలలో మాత్రమే మిగిలియుండును. "దడ" అనునది ఒకటి, "గుండె జారినట్లున్నది" అనునది ఒకటి, "ఒక్క దెబ్బ తప్పినది" అనునది వేరొకటి. అదే రోగి తమిళమున "పడపడప్పు" అని ఊరకొనవచ్చును. వేలూరున తెలుగు రోగులు మెండు, తిరువనంతపురమున తక్కువ. తెలుగున రోగకథ వినుట నేర్చినవానికి ఈ భేదము చిన్నది కాదు.

2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి వేరు జిల్లాయయ్యెను. 2022 జనవరి 12న కృష్ణగిరి ప్రభుత్వ వైద్యకళాశాల, తమిళనాడులోని మరి పది కళాశాలలతోపాటు, ప్రారంభింపబడెను. రాజేంద్రన్ తీర్పు నాటికి ఈ ప్రాంతపు విద్యార్థికి అతిసమీపమున నుండిన బెంగుళూరు వైద్యకళాశాల రాష్ట్రసరిహద్దు కావల నుండెను. ఇప్పుడు మొదటి మెట్టు ఇంటిదగ్గరనే యున్నది. అందు చేరినవారిలో ఎవరైనను డి.ఎం. ముగించి గుండెలయ శిక్షణకు వరుస వ్రాయునాటికి పుష్కరకాలము పట్టును.