సీటీ స్కాన్: ముందొచ్చిన యంత్రం, వెనకొచ్చిన లెక్క

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రం తొలిసారి ఒక రోగి మెదడును పొరలు పొరలుగా చూపించింది. పుర్రె తెరవకుండానే కణితి ఎక్కడుందో తెలిసింది. వైద్యానికి అది వరమే. అయితే ఎక్స్-రే కిరణాలు క్యాన్సర్ కలిగించగలవన్న సంగతి అప్పటికే కొత్తది కాదు. గర్భిణులకు ఎక్స్-రే తీస్తే పుట్టే పిల్లల్లో క్యాన్సర్ ముప్పు పెరుగుతోందని 1950ల్లోనే ఆక్స్‌ఫర్డ్‌లో ఆలిస్ స్టీవర్ట్ చూపింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లుల జ్ఞాపకాలను ఎలా నమ్మగలమని చాలామంది ఆమెను కాదన్నారు. 1962లో అమెరికాలో బ్రయన్ మెక్‌మాన్ జ్ఞాపకాలతో పని లేకుండా ఆసుపత్రి రికార్డులే తిరగేశాడు. ఫలితం ఆమె వైపే మొగ్గింది.

ఇంత తెలిసీ సీటీ విషయంలో ఆ లెక్క కట్టడానికి దశాబ్దాలు పట్టింది. ఈలోగా అమెరికాలో ఏటా తీసే స్కాన్లు 1980లో సుమారు 30 లక్షలుండగా, పాతికేళ్లు తిరిగేసరికి 6 కోట్లు దాటాయి. ఛాతీ ఎక్స్-రేతో ఒంటికి చేరే రేడియేషన్ దాదాపు 0.1 మిల్లీసీవర్ట్, పొట్ట సీటీతో అది 8 నుంచి 10 వరకు ఉంటుంది. పిల్లల సీటీలతో ముందుముందు ఎన్ని క్యాన్సర్ మరణాలు సంభవించవచ్చో 2001లో డేవిడ్ బ్రెన్నర్ బృందం అంచనా కట్టింది. ఆ అంచనాకు ఆధారం హిరోషిమా, నాగసాకి బాధితుల లెక్కలు. బాంబు దెబ్బనూ ఆసుపత్రి స్కాన్‌నూ ఒకే గాటన కట్టడం సబబా అని విమర్శకులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు స్కాన్ తీయించుకున్న పిల్లల నుంచే రావాలి.

ఆ జవాబు 2012లో వచ్చింది. బ్రిటన్‌లో 22 ఏళ్లలోపు స్కాన్ తీయించుకున్న సుమారు 1,78,000 మందిని పరిశీలిస్తే, మోతాదు పెరిగినకొద్దీ రక్త క్యాన్సర్, మెదడు కణితుల ముప్పు పెరిగింది. దీనికి వచ్చిన గట్టి ఆక్షేపణ ఒకటుంది: కణితి లక్షణాలు కనబడ్డాయి కాబట్టే స్కాన్ తీశారేమో, కారణాన్నీ కార్యాన్నీ తారుమారు చేస్తున్నామేమో! అలాంటి పిల్లలను పక్కనబెట్టి లెక్క మళ్లీ వేస్తే మెదడు కణితుల అంచనా బాగా తగ్గింది, రక్త క్యాన్సర్ అంచనా మాత్రం పెద్దగా మారలేదు. తర్వాత తొమ్మిది ఐరోపా దేశాల్లో దాదాపు 9,50,000 మందిపై జరిగిన అధ్యయనం 2023లో రక్త సంబంధ క్యాన్సర్ల ముప్పును మళ్లీ నిర్ధారించింది: స్కాన్ తీసిన ప్రతి 10,000 మంది పిల్లల్లో తర్వాతి పన్నెండేళ్లలో అదనంగా ఒకటి రెండు కేసులు.

అంత చిన్న ముప్పుకు ఇంత గొడవ దేనికి అనవచ్చు. తలకు తీవ్రమైన దెబ్బ తగిలిన బిడ్డకైతే ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం; అక్కడ స్కాన్ వద్దనడమే ప్రమాదం. కానీ ఈ ముప్పంతా తప్పనిసరిది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని నాలుగు ఆసుపత్రులను పోల్చిన 2009 అధ్యయనంలో, ఒకే రకం స్కాన్‌కు వాడిన మోతాదుల్లో సగటున 13 రెట్ల తేడా తేలింది. ఆ తేడాకు రోగి జబ్బు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోలేను. 2021లో కొవిడ్ రెండో ఉధృతిలో మన దేశంలోనూ ఈ వాదన రేగింది. ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్-రేలతో సమానమని ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా హెచ్చరించారు. కొత్త యంత్రాలతో మోతాదు చాలా తక్కువని రేడియాలజిస్టులు అభ్యంతరం చెప్పారు. అంకె విషయంలో రేడియాలజిస్టుల మాటలో పస ఉంది. కానీ ఆయన హెచ్చరించింది స్వల్ప లక్షణాలకే ఛాతీ సీటీకి పరుగెత్తినవారిని. ఆక్సిజన్ స్థాయి బాగున్న అలాంటి రోగికి స్కాన్‌లో మచ్చలు కనబడినా చికిత్స మారదు.