హోసూరు, కృష్ణగిరి సీమలో వ్యవసాయం: రాగిచేను, మామిడితోట

భారతదేశపు మొత్తం ఉత్పత్తి విలువలో వ్యవసాయం, దాని అనుబంధ వృత్తుల వాటా నేడు ఐదవ వంతుకంటె తక్కువ. అయితే 2023-24 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం, పనిచేసే ప్రతి వందమందిలో 46 మందికి అదే జీవనాధారం. మొదటి అంకెను మాత్రమే చూచి సేద్యాన్ని తక్కువగా అంచనా వేయరాదు. కరువు కారణంగా 1966లో మన దేశం సుమారు కోటి టన్నుల తిండిగింజలను విదేశాల నుండి తెప్పించుకొనవలసి వచ్చింది. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆ గోధుమలను ఒకేసారి ఇవ్వక, కొద్దికొద్దిగా కొలిచి పంపించారు. గింజకోసం చేయి చాచిన దేశానికి మాట చెల్లదని పాలకులకు అప్పుడు తెలిసివచ్చింది.

తిండిగింజల సమస్యతో హోసూరు సీమకు పాత సంబంధమే ఉన్నది. హోసూరు సమీపాన తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ, 1952లో మద్రాసు ముఖ్యమంత్రి అయిన కొద్ది నెలలకే, యుద్ధకాలం నుండి సాగుతున్న ఆహార నియంత్రణను ఎత్తివేశారు.

2004లో ధర్మపురి నుండి విడివడిన కృష్ణగిరి జిల్లా ప్రధానంగా మెట్టభూమి. దక్షిణ పినాకినిపై కట్టిన కృష్ణగిరి ఆనకట్ట క్రింద తడిసేది సుమారు 9,000 ఎకరాలే. మిగిలిన చోట్ల వానే దిక్కు. అందువలన పెద్దలు రాగిని నమ్ముకొన్నారు. సాళ్ల నడుమ అనపను, ఆవాలను కలిపి విత్తేవారు. ఒకటి పోయినా మరొకటి దక్కేది. రాగికి పురుగు సులభంగా పట్టదు. ఏళ్ల తరబడి నిలువ ఉంటుంది. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి సున్నపుధాతువు ఉన్నది. బియ్యంలో అది అత్యల్పం.

తరువాత మామిడితోటలు విస్తరించాయి, హోసూరు వైపు గులాబీలు వచ్చాయి, పరిశ్రమలు, ఇండ్లస్థలాలు వచ్చాయి. డబ్బు కూడా వచ్చింది, కాదనలేము. కాని గుజ్జు కర్మాగారాలకు పోయే తోతాపురి ధర రైతు చేతిలో లేదు. 2025లో కాయ విరగకాసి ధర పడిపోయింది. ఆంధ్రప్రదేశ్ తన రైతులకు కిలోకు 12 రూపాయలు వచ్చేటట్లు నిర్ణయించి, అందులో 4 రూపాయలు తానే భరించింది. జూన్‌లో చిత్తూరు జిల్లా అధికారులు ఇతర రాష్ట్రాల తోతాపురి రాకను నిలిపివేశారు. తోట ఒక రాష్ట్రంలో, కర్మాగారం మరొక రాష్ట్రంలో ఉన్న సరిహద్దు రైతుకు భాష ఒకటే అయినా చెక్‌పోస్టు అడ్డమే. అమ్ముడుపోని కాయను ఇంటిల్లిపాది ఎన్నాళ్లు తినగలరు? రాగి అయితే గాదెలో ఉంటుంది.

రాగికి ఇప్పుడు ప్రభుత్వ ఆదరణ కొంత పెరిగినది. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. పొరుగున ధర్మపురిలోను, నీలగిరిలోను రేషను కార్డుదారులకు రెండు కిలోల బియ్యానికి బదులు రాగులు ఇచ్చే పద్ధతి 2023లో మొదలైనది. కృష్ణగిరి జిల్లా రైతుల నుండి కూడా ప్రభుత్వం నేరుగా రాగులు కొంటున్నది. అక్కడ అమ్మదలచినవారు చిట్టా, అడంగలు చూపవలసి ఉంటుంది. కనుక విత్తిన వెంటనే గ్రామ పాలనాధికారి వద్దకు వెళ్లి, అడంగలులో పంట పేరు రాగి అని నమోదు చేయించుకొనవలెను.