కీమోథెరపీ నిరోధకత పరీక్షలు

రోగి కణితి నుంచి తీసిన సజీవ కణాలపై ప్రయోగశాలలో మందులు ప్రయోగించి, అవి ఏ మందుకు లొంగవో ముందే తెలుసుకునే పరీక్షలివి. పనిచేయని మందు వల్ల రోగి అనవసరంగా బాధపడకూడదని, విలువైన కాలం వృథా కాకూడదని వీటి ఉద్దేశం.

నేపథ్యం

కణితి మందుకు లొంగకపోవడమనే సమస్య కీమోథెరపీ తొలినాళ్లలోనే ఎదురైంది. ల్యుకేమియా ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చిన ఫలితాలను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందు అది. వ్యాధి తగ్గుముఖం పట్టినా కొద్ది నెలల్లోనే తిరగబెట్టింది. 1976లో రుడాల్ఫ్ జూలియానో, విక్టర్ లింగ్ మందులకు లొంగని హామ్‌స్టర్ కణాల పొరలో పి-గ్లైకోప్రోటీన్ అనే ప్రోటీన్‌ను గుర్తించారు. కణంలోకి చేరిన మందును అది బయటికి తోడేస్తుందని తరువాత తేలింది.

పరీక్షల పరిణామం

1977లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ హాంబర్గర్, సిడ్నీ సాల్మన్ మనిషి కణితి కణాలను మెత్తటి అగర్‌లో (జెల్లీ లాంటి పదార్థంలో) పెంచే పద్ధతిని ప్రకటించారు. గిన్నె అడుగున ఒక అగర్ పొర, దానిపై కణాలు కలిపిన మరో పొర పోస్తారు. రెండు మూడు వారాల తర్వాత సూక్ష్మదర్శిని కింద కాలనీలు లెక్కిస్తారు. మందు తగిలిన గిన్నెలో అవి ఎంత తగ్గితే మందు అంత పనిచేసినట్టు. అయితే చాలా నమూనాల్లో తగినన్ని కాలనీలు ఏర్పడేవి కావు. మొదటే ముద్దకట్టిన కణాలను కాలనీలుగా పొరబడే ప్రమాదమూ ఉండేది.

1990లో డేవిడ్ కెర్న్, లారీ వైజెంతాల్ ప్రశ్ననే మార్చారు: ఏ మందు పనిచేస్తుందని కాక, ఏది పనిచేయదని అడిగారు. శరీరంలో సాధ్యమయ్యే మోతాదును మించి మందు పోసినా కణాలు విభజన ఆపకపోతే, అది తీవ్ర నిరోధకత. అలాంటి కణాలున్న రోగుల్లో ఆ మందుకు స్పందన దాదాపు కనిపించలేదు. గిన్నెలో కణాలను చంపిన మందు శరీరంలోనూ చంపుతుందని చెప్పలేం. అది రక్తం ద్వారా కణితిని చేరాలి. గిన్నెలోనే లొంగనిది శరీరంలో లొంగడం మాత్రం అరుదు.

మూల్యాంకనం

పరీక్ష ఆధారంగా మందు ఎంచితే రోగి ఎక్కువకాలం బతుకుతాడా అన్నదే అసలు కొలమానం. అందుకు తగిన రుజువు లేదంటూ, క్లినికల్ పరిశోధనల వెలుపల వీటిని వాడవద్దని అమెరికన్ క్లినికల్ ఆంకాలజీ సంఘం 2004లో సూచించింది. 2011లోనూ అదే చెప్పింది. 2018లో బ్రిటన్ పరిశోధకులు జీర్ణవ్యవస్థ క్యాన్సర్ల నుంచి పెంచిన ఆర్గనాయిడ్ల (కణితిని పోలిన సూక్ష్మ త్రిమితీయ కణ సముదాయాల) స్పందన, ఆ రోగుల స్పందనతో చాలావరకు సరిపోలింది. ఇది గట్టి ఆశే అయినా, ఆర్గనాయిడ్లూ అదే కొలమానానికి నిలవాలి.